95,67,01,512 గుణధర్మాలు: కారణాంకాలు 96, 8, 5 లలో ఏది సరైన లెక్క?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇదీ. 95,67,01,512 అనే సంఖ్య ఇచ్చి దాని గుణధర్మాలన్నీ రాయమన్నారు. కారణాంకాలు ఎన్ని అని వెతికితే ఒకచోట 96, ఇంకోచోట 8, మరోచోట 5 అని వచ్చింది. మామూలు కాలిక్యులేటర్ మాత్రమే ఉన్నప్పుడు నిజమేదో ఎలా తేల్చుకోవాలి, ఇంకా ఏమేం చెప్పొచ్చు?

ముందు జవాబు: మూడూ సరైనవే, కాకపోతే మూడు చోట్లా లెక్కపెట్టింది ఒకే దాన్ని కాదు.

95,67,01,512 = 2³ × 3² × 13 × 1009 × 1013

ఇందులో వేర్వేరు ప్రధాన సంఖ్యలు 2, 3, 13, 1009, 1013, అంటే 5. ఎన్నిసార్లు వస్తే అన్నిసార్లూ లెక్కిస్తే 3 + 2 + 1 + 1 + 1 = 8. సంఖ్యను నిశ్శేషంగా భాగించేవన్నీ కలిపితే 96. పరీక్షలో "కారణాంకాలు ఎన్ని" అని మాత్రమే అడిగితే 96 రాయండి. "ప్రధాన కారణాంకాలు" అని ఉంటే 5 రాసి, పక్కనే విభజన కూడా చూపించండి.

పెద్ద సంఖ్య ఏది చేతికొచ్చినా మొదటి పని ఈ విభజనే. ఇది దొరికాక మిగతావన్నీ చిన్న గుణకారాలతో వచ్చేస్తాయి. అందుకే కష్టమంతా ఇక్కడే పడాలి.

చిన్న ప్రధాన సంఖ్యలను తీసేయడం

చివరి మూడు అంకెలు 512, అది 8తో పోతుంది. చివరి నాలుగు 1512ను 16తో భాగిస్తే శేషం 8. కాబట్టి 2 ఘాతం కచ్చితంగా 3. అంకెల మొత్తం 9+5+6+7+0+1+5+1+2 = 36, అంటే 9తో పోతుంది. 27 సంగతి మాత్రం అంకెల మొత్తంతో తేలదు. దానికి కుడి నుంచి మూడేసి అంకెలు విడగొట్టి కూడాలి: 512 + 701 + 956 = 2169. దీన్ని 27తో భాగిస్తే 9 మిగులుతుంది, కాబట్టి 3 ఘాతం 2 దగ్గరే ఆగింది. అదే మొత్తాన్ని 37తో భాగిస్తే శేషం 23, అంటే 37 కూడా లేదు. 999 = 27 × 37 కావడం వల్ల ఒకే కూడికతో రెండూ తేలిపోయాయి.

7, 11, 13 మూడింటికీ కలిపి ఒకే పరీక్ష చాలు, ఎందుకంటే 7 × 11 × 13 = 1001. మూడేసి అంకెల గుంపులను కుడి నుంచి ఒకటి కలిపి ఒకటి తీసేస్తూ పోవాలి: 512 − 701 + 956 = 767. ఇది 13 × 59. కాబట్టి 13 ఉంది, 7, 11 లేవు. (59 మన సంఖ్యకు కారణాంకం కాదు. ఈ పరీక్ష చెప్పేది 7, 11, 13 గురించి మాత్రమే.)

ఇక్కడ చాలామంది తప్పు చేసేది కామాల దగ్గర. మనం కామాలు పెట్టేది లక్షలు, కోట్ల చొప్పున: 95, 67, 01, 512. ఆ గుంపులనే తీసుకుని 512 − 01 + 67 − 95 అని వేస్తే వచ్చేది 483. అది 7తో పోతుంది, 13తో పోదు. అంటే లేని 7 ఉన్నట్టు, ఉన్న 13 లేనట్టు కనిపిస్తుంది. ఈ పరీక్ష చేసేముందు కామాలన్నీ తీసేసి, కుడి నుంచి మూడేసి చొప్పున మళ్ళీ విడగొట్టుకోండి.

9తో భాగిస్తే 10,63,00,168. దాన్ని 8తో భాగిస్తే 1,32,87,521. దాన్ని 13తో భాగిస్తే 10,22,117. మళ్ళీ 13 పోతుందేమో కూడా చూడాలి: కామాల ప్రకారం వెళ్ళకుండా 1|022|117గా రాసుకుంటే 117 − 22 + 1 = 96. 13తో పోదు. కామాల ప్రకారం 10|22|117గా తీసుకుంటే 117 − 22 + 10 = 105 వస్తుంది, అది 7తో పోయి మళ్ళీ తప్పుదారి పట్టిస్తుంది. 96 మాత్రమే సరైనది.

మిగిలిన 10,22,117ను విడగొట్టడం

దీని వర్గమూలం 1011కు కొంచెం తక్కువ. కాబట్టి 1010 వరకు ఉన్న ప్రధాన సంఖ్యలతో ప్రయత్నిస్తే చాలు. (మొదటి సంఖ్యకే ఆ పని చేసుంటే హద్దు 30,930 అయ్యేది. చిన్నవి తీసేసినప్పుడల్లా వర్గమూలం మళ్ళీ లెక్కగట్టడం మర్చిపోవద్దు.) అయినా 1000 లోపు ప్రధాన సంఖ్యలే 168. వరసగా భాగిస్తూ పోతే ఆ 168లో ఒక్కటీ పోదు, 169వదైన 1009 దగ్గర గానీ తెగదు. మధ్యలో విసిగి "ఇది ప్రధాన సంఖ్యే" అని రాసేవాళ్ళు ఎక్కువ.

వరస భాగాహారం మొదలుపెట్టేముందు ఫెర్మా పద్ధతి రెండు మూడు మెట్లు వేసి చూడండి. వర్గమూలం కంటే పైనున్న మొదటి పూర్ణాంకం తీసుకుని, దాని వర్గంలోంచి సంఖ్యను తీసేయాలి. మిగిలింది వర్గ సంఖ్య అయితే పని అయిపోయినట్టే. కాకపోతే తర్వాతి పూర్ణాంకానికి వెళ్ళాలి.

1011² = 10,22,121. అందులోంచి 10,22,117 తీస్తే 4. అది 2². కాబట్టి (1011 − 2)(1011 + 2) = 1009 × 1013. మొదటి మెట్టులోనే తెగింది.

కానీ ఇది రెండు కారణాంకాలు దగ్గరదగ్గరగా ఉన్నప్పుడే పనిచేస్తుంది. దూరంగా ఉంటే ఇంతకంటే నెమ్మది పద్ధతి లేదు. 7,00,021 అనే సంఖ్య తీసుకోండి. ఇది 7 × 1,00,003. ఫెర్మా పద్ధతిలో 837తో మొదలుపెట్టి 50,005 దాకా వెళ్ళాలి, అంటే 49,169 మెట్లు. మామూలు భాగాహారంలో నాలుగో ప్రధాన సంఖ్యకే అయిపోతుంది. అందుకే రెండూ కలిపి వాడాలి: ముందు చిన్న ప్రధాన సంఖ్యలు, తర్వాత ఫెర్మా కొన్ని మెట్లు, అప్పటికీ తెగకపోతే మళ్ళీ భాగాహారం. రహస్య సంకేతాల కోసం ఆర్ఎస్ఏ పద్ధతిలో రెండు పెద్ద ప్రధాన సంఖ్యలు ఎంచుకునేటప్పుడు అవి మరీ దగ్గరగా ఉండకూడదనే నియమం కూడా ఇందుకే.

1009, 1013 ప్రధాన సంఖ్యలేనని విడిగా చూడాలి. 37² = 1369 కాబట్టి 31 వరకు చాలు: 2, 3, 5, 7, 11, 13, 17, 19, 23, 29, 31. పదకొండు భాగాహారాలు, ఒక్కటీ పోదు.

చివరగా సరిచూసుకోవడం. 9తో శేషం చూసే పాత పద్ధతి ఇక్కడ సరిపోదు, ఎందుకంటే రెండు పక్కలా శేషం 0 వస్తుంది. పైగా పక్కపక్క అంకెలు తారుమారైతే అది పట్టుకోలేదు. 11 పట్టుకుంటుంది. మన సంఖ్యను 11తో భాగిస్తే శేషం 8. మరోపక్క 8 × 9 × 13 = 936కి శేషం 1, 10,22,117కి శేషం 8, లబ్దం 8. సరిపోయింది.

96 ఎలా వచ్చింది

ప్రతి ఘాతాంకానికి 1 కలిపి గుణించాలి: (3+1)(2+1)(1+1)(1+1)(1+1) = 4 × 3 × 2 × 2 × 2 = 96. అన్నీ రాయమంటే, ఎడాపెడా వెతక్కుండా 72 కారణాంకాలతో మొదలుపెట్టండి: 1, 2, 3, 4, 6, 8, 9, 12, 18, 24, 36, 72. వీటిని 13తో గుణించి కలిపితే 24. ఆ 24నీ 1009తో గుణించి కలిపితే 48. ఆ 48నీ 1013తో గుణించి కలిపితే 96. ఒక్కటీ జారిపోదు. సంఖ్య వర్గం కాదు కాబట్టి ఇవి 48 జతలు. వాటిలో అన్నిటికన్నా దగ్గరగా ఉన్న జత 26,338 × 36,324.

96 ఎక్కువా తక్కువా అంటే, ఇంతకంటే చిన్నదైన 73,51,34,400కు 1344 కారణాంకాలున్నాయి. తనకంటే చిన్నవాటి అన్నిటికన్నా ఎక్కువ కారణాంకాలున్న ఇలాంటి సంఖ్యల మీదే రామానుజన్ 1915లో తన పెద్ద వ్యాసం ప్రచురించారు. ఇక వేర్వేరు ప్రధాన సంఖ్యల విషయానికొస్తే, ఒక సంఖ్యకు సాధారణంగా దాని సహజ సంవర్గమానానికి మళ్ళీ సహజ సంవర్గమానం ఎంతో సుమారుగా అన్ని ఉంటాయని హార్డీ, రామానుజన్ 1917లో చూపించారు. మన సంఖ్యకు ఆ విలువ దాదాపు 3. ఉన్నవి 5. కాబట్టి కొంచెం ఎక్కువే.

కారణాంకాల మొత్తం, ఫై విలువ

మొత్తానికి ఒక్కో ప్రధాన సంఖ్య ఘాతాలన్నీ కూడి గుణించాలి: (1+2+4+8)(1+3+9)(1+13)(1+1009)(1+1013) = 15 × 13 × 14 × 1010 × 1014 = 2,79,59,02,200. ఇందులోంచి సంఖ్యను తీసేస్తే 1,83,92,00,688. ఇది సంఖ్య కంటే ఎక్కువ, కాబట్టి మనది సమృద్ధ సంఖ్య. ఎక్కువగా జరిగే తప్పు 3² దగ్గర 13 బదులు (1+3)(1+3) = 16 వేయడం. అలా వేస్తే 3,44,11,10,400 వస్తుంది.

1 నుంచి 95,67,01,512 వరకు, దీనితో 1 తప్ప ఉమ్మడి కారణాంకం లేనివి ఎన్ని? అదే ఆయిలర్ ఫై విలువ: 4 × 6 × 12 × 1008 × 1012 = 29,37,87,648. అంటే నూటికి దాదాపు 30.7. ఇక్కడ కూడా అదే జాగ్రత్త: 9కి ఫై విలువ 6. 4 కాదు, 8 కాదు.

వర్గమా?

కాదు. చివరి అంకె 2 కావడమే చాలు, వర్గ సంఖ్యలు 0, 1, 4, 5, 6, 9 లతోనే ముగుస్తాయి. విభజన చూసినా 2, 13, 1009, 1013 ఘాతాలు బేసి. వర్గం చేయాలంటే కనీసం 2 × 13 × 1009 × 1013 = 2,65,75,042తో గుణించాలి.

రెండు వర్గాల మొత్తంగా

ఈ సంఖ్యలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన గుణం ఇదే, చాలామంది దీన్ని వదిలేస్తారు. నియమం: 4తో భాగిస్తే 3 మిగిలే ప్రధాన సంఖ్యలన్నీ సరి ఘాతంతో ఉంటేనే సంఖ్యను రెండు వర్గాల మొత్తంగా రాయగలం. మనకు అలాంటిది 3 ఒక్కటే, దాని ఘాతం 2. 13, 1009, 1013 మూడూ 4తో భాగిస్తే 1 మిగిల్చేవి. కాబట్టి రాయొచ్చు. ఎన్ని రకాలుగా? ఆ మూడింటి ఘాతాంకాలకు 1 కలిపి గుణిస్తే 8. వర్గాల వరస మార్చినవి ఒకటిగానే లెక్కిస్తే అందులో సగం, 4.

కట్టడం ఇలా. 13 = 3² + 2², 1009 = 28² + 15², 1013 = 23² + 22². రెండు వర్గాల మొత్తాలను గుణిస్తే మళ్ళీ రెండు వర్గాల మొత్తమే వస్తుంది. దీనికి బ్రహ్మగుప్తుడి పేరుతో పిలిచే సర్వసమీకరణం ఉంది, అది రెండు జవాబులిస్తుంది. 28, 15లను 23, 22లతో కలిపితే:

28×23 − 15×22 = 314, 28×22 + 15×23 = 961
28×23 + 15×22 = 974, 28×22 − 15×23 = 271

అంటే 10,22,117 = 314² + 961² = 974² + 271². ఒక్కోదాన్నీ 3, 2లతో మళ్ళీ ఇలాగే కలిపితే 1,32,87,521కి నాలుగు జతలు వస్తాయి. చివరికి 72 = 6² + 6² కాబట్టి, ఒక్కో జతలో తేడాను, మొత్తాన్ని 6తో గుణిస్తే మన సంఖ్యకు:

15,186² + 26,946²
3,654² + 30,714²
2,286² + 30,846²
13,974² + 27,594²

నాలుగూ కాలిక్యులేటర్‌లో వేసి చూడండి, నాలుగూ 95,67,01,512 ఇస్తాయి.

ఇది వెనక్కి కూడా నడుస్తుంది. ఒక బేసి సంఖ్యను రెండు వేర్వేరు విధాల రెండు వర్గాల మొత్తంగా రాయగలిగితే అది ప్రధాన సంఖ్య కాదు, పైగా కారణాంకాలు కూడా బయటపడతాయి. ఆయిలర్ వాడిన దారి ఇది. సరిని సరితో, బేసిని బేసితో జత చేయాలి: 974 − 314 = 660, 974 + 314 = 1288; 961 − 271 = 690, 961 + 271 = 1232. 660, 690ల గ.సా.భా. 30. 1288, 1232ల గ.సా.భా. 56. రెండిటి సగాలు 15, 28, వాటి వర్గాల మొత్తం 1009. 660, 690లను 30తో భాగిస్తే 22, 23, వాటి వర్గాల మొత్తం 1013. సరి, బేసి కలిపేస్తే ఈ లెక్క తప్పుతుంది.

1ని దీనితో భాగిస్తే

దశాంశ బిందువు తర్వాత మొదటి 3 అంకెలు ఆవర్తనంలోకి రావు, ఎందుకంటే 2 ఘాతం 3, 5 అసలు లేదు. ఆ తర్వాత తిరిగి తిరిగి వచ్చే భాగం పొడవు, ఒక్కో కారణాంకం అవధుల (1ని ఆ కారణాంకంతో భాగిస్తే తిరిగి వచ్చే అంకెలెన్నో ఆ లెక్క) క.సా.గు. 9కి అవధి 1, 13కి 6, 1009కి 252, 1013కి 253. వీటి క.సా.గు. 252 × 253 = 63,756. అంటే 63,756 అంకెలు వరసగా వచ్చాక మళ్ళీ మొదటికొస్తుంది. కాలిక్యులేటర్ తెర మీద ఆవర్తనం కనిపించలేదని "అనావర్తితం" అని రాయకండి. అకరణీయ సంఖ్య ఏదీ అలా ఉండదు.

అంకెల మొత్తం 36 మన సంఖ్యను నిశ్శేషంగా భాగిస్తుంది కూడా. ఇలాంటివాటికి డి.ఆర్. కాప్రేకర్ హర్షద్ సంఖ్యలని పేరు పెట్టారు. రాయండి, కానీ ఇది పది ఆధారంగా రాసినందువల్ల వచ్చిన గుణమని గుర్తుంచుకోండి. ఆధారం మారిస్తే పోవచ్చు. పైన చెప్పినవాటిలో కారణాంకాలు, ఫై, వర్గాల మొత్తాలు ఏ ఆధారంలోనైనా మారవు.

ఇంకా పెద్ద సంఖ్యలొస్తే

పన్నెండు, పదమూడు అంకెలు దాటితే చేతి లెక్క వదిలి ప్రోగ్రామ్ రాసుకోవడం మంచిది. ప్రధాన సంఖ్యా కాదా అని తేల్చడానికి ఫెర్మా శేష పరీక్ష ఒక్కదాన్నే నమ్మకండి (ఒక సంఖ్యను ఆధారంగా తీసుకుని, పరీక్షించే సంఖ్య కంటే ఒకటి తక్కువ ఘాతానికి పెంచి, పరీక్షించే సంఖ్యతో భాగిస్తే 1 మిగలాలనేదే ఆ పరీక్ష). 561 = 3 × 11 × 17, అయినా తనతో ఉమ్మడి కారణాంకం లేని ఏ ఆధారంతో చూసినా ఆ పరీక్షలో నెగ్గుతుంది. 4,29,49,67,297 ప్రధాన సంఖ్యేనని ఫెర్మా అనుకున్నారు. ఆయిలర్ 1732లో దాన్ని 641 భాగిస్తుందని చూపించారు. అది కూడా 2 ఆధారంతో ఆ పరీక్ష నెగ్గేదే. దానికంటే కఠినమైన మిల్లర్-రాబిన్ పరీక్ష వాడండి. 3,21,50,31,751 కంటే చిన్న సంఖ్యలకు 2, 3, 5, 7 ఆధారాలు నాలుగూ వేస్తే జవాబు కచ్చితం, అంచనా కాదు.

తేల్చడం సులువు, విడగొట్టడమే కష్టం. 250 అంకెల ఆర్ఎస్ఏ-250ని 2020లో గానీ విడగొట్టలేకపోయారు, అదీ ఎన్నో కంప్యూటర్లు కలిపి.

ప్రోగ్రామ్‌లో మొదట దెబ్బతినేది సంఖ్య పట్టే చోటు దగ్గర. గుర్తుతో కూడిన 32 బిట్ల పూర్ణాంకం 2,14,74,83,647 వరకే పడుతుంది. మన సంఖ్య అందులో పడుతుంది కానీ దాని కారణాంకాల మొత్తం 2,79,59,02,200 పట్టదు. చాలా చోట్ల ఏ హెచ్చరికా లేకుండా −1,49,90,65,096 అని చూపిస్తుంది. 64 బిట్లు తీసుకున్నా, మిల్లర్-రాబిన్‌లో వర్గాలు చేయాలి కాబట్టి 3,03,70,00,499 దాటిన సంఖ్యలకు మధ్యలో పొంగిపోతుంది. స్ప్రెడ్‌షీట్‌లో అయితే 15 అంకెల తర్వాతివి సున్నాలైపోతాయి. 16 అంకెల సంఖ్య టైప్ చేసి "10తో పోతోంది" అని ఆశ్చర్యపోయేది ఇందువల్లే. అలాంటి సంఖ్యలకు ఎంత పొడవైన పూర్ణాంకాన్నైనా పట్టే పైథాన్ లాంటి భాష వాడండి. అందులో కూడా భాగాహారానికి ఒక గీత గుర్తు (/) బదులు రెండు గీతల గుర్తు (//) పెట్టండి, లేకపోతే జవాబు దశాంశ రూపంలోకి మారి చివరి అంకెలు పోతాయి.